రిజొనేటర్ గిటార్ కొనేవారు ముందుగా చూడవలసింది దాని కోన్‌ను

రిజొనేటర్ గిటార్‌ను చూడగానే ఎవరి చూపైనా దాని పైమెరుగు మీదే నిలుస్తుంది. నికెల్ పూత పూసిన లోహపు ఒళ్ళు, దాని మీద చెక్కిన కొబ్బరిచెట్లు, ముందు నడుమ కన్నాలు పొడిచిన గుండ్రని మూత చూపుకు ఎంత ఇంపుగా ఉన్నా, కొనడమా మానడమా అన్నది తేల్చుకోవడానికి అవి పెద్దగా ఉపయోగపడవు. ఈ వాద్యంలో నాదం పుట్టేది ఆ మూత కింద కూర్చుని ఉండే, గరాటులాంటి పలుచని అల్యూమినియం కోన్‌లో. ఆ కోన్లు ఎన్ని, వాటి మొన పైకి ఉందా కిందికి ఉందా, తీగల కంపనాన్ని వాటికి చేరవేసే బ్రిడ్జి ఏ తరహాది, కోన్ అంచు తన గట్టు మీద సమంగా ఆనుతోందా లేదా అన్నవి తెలిస్తే, గిటార్‌ను చేతిలోకి తీసుకోకముందే దాని స్వభావాన్ని చాలావరకు ఊహించవచ్చు.

ఇక్కడ మూడు తరహాల రిజొనేటర్ల ధ్వనిని, నిర్మాణాన్ని, వాయించేటప్పుడు అవి చేతికి ఒదిగే తీరును పరిశీలిస్తున్నాను. వీటిని నేను ఎక్కువగా స్లైడ్‌తోనే, అంటే తీగల మీద జార్చే గొట్టంతోనో కడ్డీతోనో వాయిస్తాను. వీణ, గొట్టువాద్యం విని పెరిగిన చెవి కావడంతో, మీటిన స్వరం ఎంతసేపు నిలుస్తుంది, నిలిచినంతసేపూ దాన్ని జారుతో, కంపితంతో మలచుకోవడానికి వీలు కల్పిస్తుందా అన్నదే నా మొదటి ప్రశ్న. అమెరికా సంగీత బాణీలైన బ్లూస్ వాయించేవారికీ బ్లూగ్రాస్ వాయించేవారికీ అదే మొదటి ప్రశ్న కానక్కరలేదు కనుక, వారికి ఏది నప్పుతుందో కూడా సందర్భం వచ్చిన చోట చెబుతాను.

ముందు ఈ వాద్యం ఎందుకు పుట్టిందో తెలియాలి, ఎందుకంటే దాని నిర్మాణంలోని ప్రతి భాగమూ ఆ అవసరం నుంచి వచ్చిందే. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా పసిఫిక్ ప్రదర్శన తరువాత అమెరికా అంతటా హవాయి గిటార్ మోజు వ్యాపించింది. ఒడిలో పడుకోబెట్టి ఉక్కు కడ్డీతో జార్చి వాయించే ఆ గిటార్ నాదం శ్రోతలకు ఎంత నచ్చినా, శాక్సఫోన్లు, బాంజోలు ఉన్న బృందంలో అది వినపడేది కాదు. మైకులు, ఆంప్లిఫయర్లు గిటార్‌కు ఇంకా అందుబాటులోకి రాని కాలమది. వినోద ప్రదర్శనల్లో హవాయి గిటార్ వాయించే జార్జ్ బోషాంప్ ఈ చిక్కును వెంటబెట్టుకుని, లాస్ ఏంజెలెస్‌లో వాద్యాలు తయారుచేసే జాన్ డోప్యేరా దగ్గరికి వెళ్ళాడు. స్లోవాకియా ప్రాంతం నుంచి వలస వచ్చిన కుటుంబానికి చెందిన డోప్యేరా, చెక్క పలకతో ధ్వని పెంచే పాత పద్ధతిని పక్కన పెట్టి, తీగల బలాన్ని నేరుగా అల్యూమినియం కోన్ల మీదికి మళ్ళించాడు. 1920ల చివర వారు నేషనల్ కంపెనీగా ఏర్పడి ఈ గిటార్లను అమ్మారు. వాటి లోహపు ఒళ్ళు అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనే ఆయన కార్ఖానాలో తయారయ్యాయి.

ఆ తరువాత జరిగింది ఈ సమీక్షకు చాలా ముఖ్యం. అదే బోషాంప్, అదే రికెన్‌బాకర్ కలిసి 1930ల ఆరంభంలోనే విద్యుత్తుతో పలికే ల్యాప్ స్టీల్ గిటార్‌ను తెచ్చారు. దాంతో రిజొనేటర్ ఏ గట్టిదనం కోసం పుట్టిందో ఆ గట్టిదనానికి కొద్ది ఏళ్ళలోనే కాలం చెల్లింది. అయినా ఆ గిటార్ నిలిచి ఉందంటే అది కేవలం దాని గొంతు వల్ల. అందుచేత ఈ రోజు రిజొనేటర్‌ను ఎంత గట్టిగా మోగుతుందన్న కొలతతో కొనడం సరి కాదు. ఇప్పుడు అమ్ముడుపోయే చవక రిజొనేటర్లలో చాలావాటిని గట్టిగా మోగుతాయనే పొగుడుతారు. గట్టిగా మోగడం అన్నింటికీ వచ్చు. స్వరం నిండుగా, తేటగా పలకడం కొన్నింటికే వస్తుంది.

మొదట పుట్టింది మూడు కోన్ల గిటార్, దీన్నే ట్రైకోన్ అంటారు. ఒక్కొక్కటి సుమారు 6 అంగుళాల వ్యాసం ఉన్న మూడు కోన్లను, మంద్రం వైపు రెండు, తారం వైపు ఒకటి వచ్చేలా అమర్చి, వాటి మొనల మీద ఆంగ్ల అక్షరం టీ ఆకారంలో పోత పోసిన అల్యూమినియం బ్రిడ్జిని నిలుపుతారు. తీగ కంపనం ఆ బ్రిడ్జి కాళ్ళ గుండా మూడు చోట్లకు పంచుకుని వెళ్తుంది. పంపకం వల్ల కలిగే ఫలితాన్ని మొదటి మీటుతోనే వినవచ్చు: స్వరం ఒక్కసారిగా తగలదు, ఒక లిప్త ఆగి విచ్చుకుంటుంది, విచ్చుకున్నాక తొందరగా వాలిపోదు. పై తీగ మీద పంచమం మీటి, స్లైడ్‌ను అక్కడే నిలిపి సన్నగా ఊపితే, ఆ ఊపు నాదం అడుగంటే దాకా చెవికి స్పష్టంగా అందుతుంది. దిగువ షడ్జం నుంచి పై షడ్జం దాకా ఒకే మీటుతో జార్చినా, చేరవలసిన చోటికి చేరేసరికి ఇంకా కొంత నాదం మిగిలి ఉంటుంది. గమకం మీద ప్రాణం పెట్టుకున్నవారికి అదే కావాలి. హవాయి గిటార్ మేటి సోల్ హూపీ 1920ల చివర ఈ గిటార్‌ను అందుకున్నది కూడా ఈ గుణం కోసమే అయి ఉంటుందని ఆయన రికార్డులు విన్నప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

పాత నేషనల్ ట్రైకోన్ల ఒళ్ళు జర్మన్ సిల్వర్‌తో చేసినవి. పేరులో వెండి ఉన్నా అది రాగి, నికెల్, జింకుల మిశ్రమలోహం. పైన చెక్కడం పెరిగేకొద్దీ స్టైల్ 1 నుంచి స్టైల్ 4 దాకా అంతస్తులు ఉండేవి; చేమంతి పూలు చెక్కిన స్టైల్ 4 ధర ఆ రోజుల్లోనే 195 డాలర్లు. చెక్కడం వల్ల నాదం మారదు, కాబట్టి ఈనాటి కొత్త ట్రైకోన్లలో కూడా చెక్కడానికి అదనపు సొమ్ము పెట్టేవారు అది కంటికోసం పెడుతున్నామని తెలిసి పెట్టాలి. చికాగోలో ‘బంగారు గిటార్ మనిషి’గా పేరుపడ్డ టాంపా రెడ్ చేతిలో ఈ ట్రైకోనే బ్లూస్ కూడా పలికింది. ఆయన ఒక్క తీగ మీద స్లైడ్‌తో పాట సాగదీసే తీరు మన వాద్యకారులు వినదగినది.

ట్రైకోన్‌లో లోపం లేకపోలేదు. మూడు కోన్లు, ఒక బ్రిడ్జి నాలుగూ సరిగ్గా కలిసి కూర్చుంటేనే అది తన గుణం చూపుతుంది. ఒక కోన్ ఎత్తు కాస్త తేడాగా ఉంటే బ్రిడ్జి కాలు దాని మీద బరువుగా ఆనదు, ఆ వైపు తీగలు బోలుగా పలుకుతాయి. వేగంగా, తాళానికి కొట్టినట్టు వాయించే బాణీకి కూడా ఇది అంతగా లొంగదు. ముందు స్వరం పూర్తిగా తగ్గకముందే తరువాతి స్వరం వచ్చి పడి, రెండూ కలగాపులగం అవుతాయి.

రెండో తరహా ఒకే కోన్ ఉన్న నేషనల్ గిటార్. 9.5 అంగుళాల కోన్ మొన పైకి ఉండేలా కూర్చుంటుంది. మొన మీద మేపుల్ చెక్కతో చేసిన గుండ్రని చిన్న బిళ్ళ ఉంటుంది. దాన్ని బిస్కట్ అంటారు, దాని గాడిలో నిలిపిన సన్నని చెక్క మీదుగా తీగలు వెళ్తాయి. ఇంతకంటె సూటి నిర్మాణం ఇంకొకటి ఉండదు. తీగ, చెక్క, కోన్, గాలి. అందుకే దీని పలుకు కూడా సూటిగా, మొరటుగా ఉంటుంది. మీటగానే స్వరం పూర్తి బలంతో వచ్చి, అంతే త్వరగా వాలిపోతుంది. బొటనవేలితో మంద్రపు తీగను తాళం వేసినట్టు కొడుతూ మిగతా వేళ్ళతో పై తీగల మీద పాట నడిపే మిసిసిపీ డెల్టా బ్లూస్‌కు ఈ తొందర వాలుడే బలం: ప్రతి దెబ్బా విడిగా వినపడుతుంది, ఏదీ దేనికీ అడ్డం రాదు. సన్ హౌస్, బుక్కా వైట్ వంటివారి పేర్లతో ఈ గిటార్ ముడిపడిపోయింది.

ఇదే గిటార్‌ను రాగాలాపనకు పెట్టుకుంటే మాత్రం ఆశాభంగం తప్పదు. అంశస్వరం మీద నిలిచి కంపితం వేసే లోపలే నాదం పల్చబడుతుంది, మళ్ళీ మీటవలసి వస్తుంది, మీటినకొద్దీ ఆలాపన ముక్కలవుతుంది. కొందరు దీన్ని బరువైన తీగలతో, బరువైన స్లైడ్‌తో సరిచేయాలని చూస్తారు. కొంత మేలు జరుగుతుంది కానీ వాద్యం స్వభావం మారదు. మన దేశంలో స్లైడ్ గిటార్‌కు శాస్త్రీయ సంగీతంలో స్థానం సంపాదించిన విశ్వమోహన్ భట్ వంటివారు రిజొనేటర్ జోలికి పోకుండా, పై పలక ఉబ్బెత్తుగా ఉండే ఆర్చ్‌టాప్ గిటార్‌కు, మీటకుండానే వంతగా మోగే తరఫ్ తీగలు చేర్చుకున్నది ఊరికే కాదు. నిలిచే నాదం అక్కడ దొరికింది. అయితే ఆయన అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో కలిసి చేసిన ఆల్బంకు 1994లో గ్రామీ వచ్చాక, స్లైడ్ అనే ఒకే పనిముట్టు రెండు సంప్రదాయాలను ఎంత దగ్గర చేయగలదో ప్రపంచానికంతటికీ తెలిసింది.

ఒకే కోన్ ఉన్న గిటార్లలో లోహం మారితే ధ్వని కొంత మారుతుంది. ఉక్కుతో చేసి, మంచు పట్టినట్టుండే రంగు వేసిన డ్యుయోలియన్ 1930ల ఆరంభంలో 32.50 డాలర్లకు అమ్ముడుపోయిన చవక గిటార్. దాని పలుకు పొడిగా, కరుకుగా ఉంటుంది. ఇత్తడి ఒంటికి నికెల్ పూత పూసి హవాయి దృశ్యాలు దించిన స్టైల్ ఓ పలుకు మరికాస్త గుండ్రంగా, అడుగున నిండుగా ఉంటుంది. 1985లో వచ్చిన డైర్ స్ట్రెయిట్స్ అనే రాక్ బృందం ఆల్బం అట్ట మీద మబ్బుల్లో తేలుతూ కనిపించేది ఆ బృందపు గిటారిస్టు మార్క్ నాఫ్లర్‌కు చెందిన స్టైల్ ఓ గిటారే. ఈ తరహాను పేరు తెలియకపోయినా బొమ్మగా గుర్తుపట్టేవారు మనలో చాలామంది ఉన్నారు. ఉక్కుకూ ఇత్తడికీ ఉన్న ఈ తేడా నిజమే కానీ, బిస్కట్ తరహాకూ ట్రైకోన్‌కూ ఉన్న తేడా ముందు అది చాలా చిన్నది. లోహం గురించి గంటలు వాదించుకుని కోన్ గురించి ఒక్క మాట అడగకుండా కొనేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

మూడో తరహా డోబ్రో. నేషనల్ నుంచి విడిపోయిన జాన్ డోప్యేరా తన సోదరులతో కలిసి దీన్ని తెచ్చాడు. ఆ పేరు కూడా డోప్యేరా సోదరులన్న మాటలోంచే కుదించుకున్నది. ఇక్కడ కోన్ తలకిందులుగా, గిన్నెలా నోరు పైకి పెట్టి ఉంటుంది. దాని వ్యాసం 10.5 అంగుళాలు. దాని అంచు మీద ఎనిమిది కాళ్ళ అల్యూమినియం స్పైడర్ నిలబడుతుంది, నడుమ ఒక మర స్పైడర్‌ను కోన్ అడుగుకు కలుపుతుంది. ఒళ్ళు సాధారణంగా చెక్క. పాత డోబ్రోలలో అది ప్లైవుడ్డే, అందులో తప్పు లేదు. మామూలు గిటార్‌లా పై పలక కంపించి ధ్వని పుట్టించే పని ఇక్కడ లేదు కనుక, ఒళ్ళు గట్టిగా ఉండి కోన్‌ను కదలకుండా మోస్తే చాలుననుకున్నారు.

డోబ్రో గొంతు కాస్త ముక్కుతో పాడినట్టు ఉంటుంది. ఈ మాటను నేను దోషంగా చెప్పడం లేదు. మధ్యస్థాయి స్వరాలు ముందుకు వచ్చి, మనిషి గొంతుకు దగ్గరగా, పాటకు వంతపాడుతున్నట్టు వినిపిస్తాయి. నాదం బిస్కట్ కంటె ఎక్కువసేపు నిలుస్తుంది. రాయ్ ఎకఫ్ బృందంలో బ్రదర్ ఆస్వల్డ్ ఈ గొంతును కంట్రీ సంగీతంలో స్థిరపరిచాడు. 1955లో లెస్టర్ ఫ్లాట్, ఎర్ల్ స్క్రగ్స్ బృందంలో చేరిన జాష్ గ్రేవ్స్, బాంజో మీద స్క్రగ్స్ వాడే మూడు వేళ్ళ మీటును డోబ్రో మీదికి తెచ్చి, బ్లూగ్రాస్‌లో దానికి ఫిడేలుతో సమానమైన చోటు సంపాదించాడు. మన కాలంలో జెర్రీ డగ్లస్ దాన్ని ఎంత దూరం తీసుకువెళ్ళాడంటే, ఆయన విశ్వమోహన్ భట్‌తో కూర్చుని వాయించిన చోట రెండు వాద్యాల మధ్య సంభాషణ ఎక్కడా తడబడదు.

గత మూడు నాలుగు దశాబ్దాల్లో డోబ్రో నిర్మాణంలో పెద్ద మార్పు వచ్చింది. మిషిగన్‌లో టిమ్ షీర్‌హోర్న్ వంటి తయారీదారులు కోన్ చుట్టూ ఉండే బావిలాంటి చెక్క గోడను తీసేసి, ఒంటిని లోపల ఖాళీగా విడిచి, గాలిని మళ్ళించే పలకలు పెట్టి, ప్లైవుడ్ బదులు నికార్సైన చెక్క వాడడం మొదలుపెట్టారు. దీనివల్ల మంద్రం లోతు పెరిగింది, ముక్కు గొంతు తగ్గింది, నాదం మరింతసేపు నిలిచింది. పాత డోబ్రో ఘాటు ఇష్టపడేవారికి ఇది మెత్తగా తోస్తుంది. నాకు మాత్రం, ఒడిలో పెట్టుకుని రాగం వాయించదలచినప్పుడు, ట్రైకోన్ తరువాత చేయి వెళ్ళేది దీని వైపే.

ఇక నిర్మాణంలో గట్టిగా పట్టి చూడవలసిన అసలు చోటు కోన్ కూర్చునే గట్టు. బిస్కట్ తరహాలో కోన్‌ను ఏ మేకూ, ఏ జిగురూ పట్టి ఉంచదు. తీగల ఒత్తిడి ఒక్కటే దాన్ని కిందికి అదిమి ఉంచుతుంది. గట్టు ఎక్కడైనా వెంట్రుక వాసి పల్లంగా ఉన్నా, కోన్ అంచు అక్కడ ఆనక, ఏదో ఒక స్వరం దగ్గర జుమ్మని రొద పుడుతుంది. ఆ రొద అన్ని స్వరాలకూ రాదు, అందుకే దుకాణంలో రెండు కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటేవి) వాయించి చూసినవారికి అది దొరకదు. ప్రతి తీగనూ విడిగా, ప్రతి మెట్టు మీదా, బొటనవేలితో కాస్త బలంగా మీటి, నాదం పూర్తిగా ఆగేదాకా వినాలి. రొద వినిపిస్తే మూతను అరచేతితో మెల్లగా అదిమి మళ్ళీ అదే స్వరం మీటాలి. రొద పోతే తప్పు మూత మరల్లోనో, మూతకు తగులుతున్న తోకపట్టీ (తీగల కొసలు పట్టి ఉంచే పట్టీ) లోనో ఉంది, ఒక చిన్న ఫెల్టు ముక్కతో తీరిపోతుంది. పోకపోతే తప్పు కోన్ దగ్గరే ఉంది.

తక్కువ ధరకు దిగుమతైన ఒక ఇత్తడి గిటార్‌లో నాకు ఇదే ఎదురైంది. మూడో తీగ మీద ఒక్క గాంధారం దగ్గరే చిరచిరలాడేది. తీగలు వదులు చేసి, మూత విప్పి, కోన్‌ను రెండు చేతుల వేళ్ళతో అంచులు పట్టి పైకి తీస్తే, గట్టు మీద ఒక చోట సోల్డరు గడ్డకట్టి మిగిలిపోయి కనపడింది. కోన్ ఆ గడ్డ మీద ఒక కాలు ఎత్తి నిలబడ్డట్టు కూర్చుని ఉంది; దాని అంచున, గడ్డ తగిలిన చోట, గోరంత నొక్కు కూడా పడింది. గడ్డను సన్నని ఆకురాయితో సమం చేసి, కోన్ మార్చి, కొత్త బిస్కట్ అమర్చాక ఆ గిటార్ మరో వాద్యంలా పలికింది. ఒళ్ళు అదే, లోహం అదే, మెడ అదే. వందల డాలర్ల గిటార్‌లో కోన్ కూర్చోబెట్టే పని మీద మరో అరగంట శ్రద్ధ పెట్టని తయారీదారును నేను మెచ్చుకోలేను. కొనేవాడికి ఆ అరగంటే అన్నిటికంటె విలువైనది.

డోబ్రోలో ఇలాంటి చిక్కు స్పైడర్ దగ్గర వస్తుంది. ఎనిమిది కాళ్ళూ కోన్ అంచును సమంగా తాకాలి. నడిమి మరను ఎక్కువ బిగిస్తే కోన్ ఊపిరాడక నాదం కురచవుతుంది, వదులు చేస్తే రొద వస్తుంది. ఆ రెండింటి మధ్య చోటు చాలా ఇరుకు, దాన్ని చెవితోనే పట్టుకోవాలి.

వాయించే వీలు విషయానికి వస్తే, కొనేముందు మెడ ఏ తరహాదో తేల్చుకోకపోతే మిగతా ఆలోచన అంతా వ్యర్థం. గుండ్రటి మెడ ఉన్నదాన్ని మామూలు గిటార్‌లా నిలువుగా పట్టుకుని, చిటికెన వేలికో ఉంగరపు వేలికో స్లైడ్ తొడుక్కుని, మిగతా వేళ్ళతో మెట్లు నొక్కుతూ వాయించవచ్చు. చదరపు మెడ ఉన్నది ఒడిలో పడుకోబెట్టి వాయించేందుకే. తీగలు మెట్లకు సెంటీమీటరుకు దగ్గరగా ఎత్తులో ఉంటాయి కనుక వాటిని వేలితో నొక్కడం సాధ్యం కాదు. గొట్టువాద్యం వాయించేవారికి, లేదా చూసి ఎరిగినవారికి, చదరపు మెడ సహజంగా తోస్తుంది, ఎందుకంటే వాద్యం పడుకుని ఉండి, పైనుంచి చేతిలోని కడ్డీ స్వరాన్ని వెతుక్కునే పద్ధతి రెండింటిలో ఒక్కటే. అక్కడ లాగే ఇక్కడ కూడా మెట్లు కంటికి గుర్తులే తప్ప శ్రుతికి హామీ కావు. కడ్డీ సరిగ్గా మెట్టుకు పైనే నిలవాలి, కడ్డీ వెనుక మిగతా వేళ్ళు తీగల మీద తేలికగా ఆని అనవసరపు మోతను అణచాలి.

గుండ్రటి మెడలో నట్ (మెడ కొసన తీగలు ఆనే పట్టీ) దగ్గర వెడల్పు చూసుకోవాలి. ఈనాటి నేషనల్ గిటార్లలో అది సుమారు 46 మిల్లీమీటర్లు. వేళ్ళతో మీటేవారికి ఆ చోటు అవసరం. తీగల ఎత్తు మామూలు గిటార్ కంటె కాస్త ఎక్కువ ఉండాలి, లేకపోతే స్లైడ్ మెట్లకు తగిలి టకటకలాడుతుంది. మరీ ఎత్తుగా ఉంటే మెట్లు నొక్కి వాయించే పని కష్టమవుతుంది. ఈ రెండు పనులూ ఒకే గిటార్‌తో చేయాలనుకునేవారు కొనే చోటే స్లైడ్ తీసుకువెళ్ళి, మొదటి మూడు మెట్ల దగ్గర దాన్ని నడిపి చూడాలి.

బరువును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇత్తడి గిటార్ సుమారు 4 కిలోల దాకా తూగుతుంది; నిలబడి గంటసేపు వాయిస్తే ఎడమ భుజం చెప్పేస్తుంది. కుడిచేతికి ఇంకొక కొత్త అలవాటు కావాలి. బ్రిడ్జి మీద ఉండే లోహపు కమ్మీ అరచేతి దెబ్బ నుంచి కోన్‌ను కాపాడుతుంది కానీ, అదే కమ్మీ అరచేతితో తీగలను అణచి వాయించడానికి అడ్డం వస్తుంది. కమ్మీ తీసేసి, చేతిని నేరుగా బ్రిడ్జి మీద మోపి వాయించేవారున్నారు. కోన్ వేలి ఒత్తిడికే సొట్ట పడేంత పలుచన అని గుర్తుంచుకుంటే ఆ పని ఎవరూ చేయరు.

తీగల విషయంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. బ్లూగ్రాస్ డోబ్రోలో వాడే శ్రుతి కింది నుంచి జి, బి, డి, జి, బి, డి. బ్లూస్‌లో వాడే ఓపెన్ జి శ్రుతి (మెట్లు నొక్కకుండానే జి కార్డు పలికే అమరిక) డి, జి, డి, జి, బి, డి. మొదటిదాన్ని గుండ్రటి మెడ గిటార్ మీద మామూలు తీగలతో పెడితే, ఆరో తీగను మూడు అర్ధస్వరాలు, అయిదో తీగను రెండు అర్ధస్వరాలు పైకి లాగవలసి వస్తుంది. మెడ మీద అంత లాగుడు మంచిది కాదు. చదరపు మెడ ఆ బరువు మోయడానికే పుట్టింది. గుండ్రటి మెడ మీద ఆ శ్రుతి కావాలంటే ఆ రెండు తీగలను సన్ననివి వేసుకోవాలి. మరీ పలుచని తీగలు మొత్తం సెట్టుగా వేసుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే కోన్‌ను అదిమి ఉంచేంత ఒత్తిడి వాటికి ఉండదు, గిటార్ డొల్లగా పలుకుతుంది. ఓపెన్ డి లేదా ఓపెన్ జి శ్రుతిలో బ్లూస్ వాయించేవారికి .013 నుంచి .056 అంగుళాల మందం దాకా ఉన్న సెట్టు బాగా పనిచేస్తుంది. ఒడి డోబ్రోకు మొదటి తీగ .016 దాకా వెళ్ళవచ్చు.

వేదిక మీద వాయించేవారికి ఒక మాట. బిస్కట్ కిందో బ్రిడ్జిలోనో పెట్టే పికప్‌లు (కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పరికరాలు) సౌకర్యమే కానీ, రిజొనేటర్ గాలిలోకి వదిలే నాదాన్ని అవి సగమే పట్టుకుంటాయి. మూతకు ఒక జానెడు దూరంలో మంచి మైకు పెట్టగలిగితే అదే మేలు.

ధర దగ్గర నిజాయితీగా మాట్లాడుకోవాలి. డాన్ యంగ్, మెక్‌గ్రెగర్ గేన్స్ 1980ల చివర కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన నేషనల్ రెసోఫోనిక్ కంపెనీ చేసే స్టైల్ ఓ తరహా గిటార్ కొత్తదైతే 3,000 డాలర్లు దాటుతుంది, ట్రైకోన్ ఇంకా పైనే. వాటిలో నేను వాయించినవి కోన్ కూర్చోబెట్టే పనిలో ఎక్కడా నిరాశపరచలేదు. ఆ శ్రద్ధకే ఆ ధర. వెయ్యి డాలర్ల లోపు దొరికే ఆసియా దిగుమతులు ఒళ్ళు, మెడ, పూత విషయంలో ఇటీవల బాగా మెరుగుపడ్డాయి. కానీ చాలావాటి లోపలి కోన్ మందంగా, మొద్దుగా ఉంటుంది. అలాంటిదాన్ని కొని, ఆ తరువాత మంచి కోన్ ఒకటి తెప్పించి, అనుభవమున్న మనిషి చేత అమర్చుకుంటే, పూర్తి ధర పెట్టలేనివారికి అదే తెలివైన దారి. అయితే బిస్కట్ తరహాకు 9.5 అంగుళాల కోన్, డోబ్రో తరహాకు 10.5 అంగుళాల కోన్ అన్నది చూసుకుని తెప్పించుకోవాలి; ఒకదాని చోట మరొకటి కూర్చోదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు స్వదేశానికి తీసుకువెళ్ళదలిస్తే వాతావరణాన్ని కూడా ఆలోచించాలి. చెక్క గిటార్లను వేధించే తేమ లోహపు ఒంటిని వంచలేదు, పగలగొట్టలేదు. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో మాత్రం ఉప్పుగాలి, చేతి చెమట కలిసి ఉక్కు గిటార్‌కు తుప్పు పట్టిస్తాయి. అక్కడ ఇత్తడి ఒంటికి నికెల్ పూత ఉన్నది మేలు. వాయించిన ప్రతిసారీ మెత్తని పొడిగుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టాలి.

ఇంత చూశాక నా ఎంపిక ఇది. వేలిమీటుతో బ్లూస్ వాయించడమే ధ్యేయమైతే బిస్కట్ తరహాలో ఇత్తడి లేదా ఉక్కు గిటార్ తీసుకోవాలి. బ్లూగ్రాస్, కంట్రీ, సినిమా పాటలకు ఒడిలో పెట్టుకుని వాయించేవారికి చదరపు మెడ డోబ్రో, వీలైతే ఒళ్ళు ఖాళీగా విడిచిన కొత్త నిర్మాణం ఉన్నది కొనుక్కోవాలి. కర్ణాటక, హిందుస్తానీ రాగాలు వాయించాలనుకునే వారు ఖర్చు ఎక్కువైనా ట్రైకోన్ కోసమే ఆగాలి. 1940లలో కలకత్తాలో ఉండి వాయించిన హవాయి కళాకారుడు టౌ మో చేతిలో కూడా నేషనల్ ట్రైకోనే ఉండేది.

ఏది కొన్నా ఇంటికి తెచ్చాక తీగలన్నీ ఒకేసారి విప్పకండి. ఒకటి విప్పి, దాని చోట కొత్తది వేసి శ్రుతి చేశాకే రెండోదాని మీద చేయి వేయండి. ఒత్తిడి పూర్తిగా పోతే కోన్ గట్టు మీద జరుగుతుంది, మళ్ళీ అది తన చోట కూర్చోవడానికి మూత విప్పవలసి వస్తుంది.